మా బావ చూపించిన కోటలు

మొన్న మా బడి పిల్లలను ఎల్గందుల కోటకు తీసుకుపోయాం. నేను సిరిసిల్లలో సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. పిల్లలంతా పైకెక్కి అరుచుకుంటుంటే నేను కింద ద్వారం పక్కన పెట్టిన బోర్డు ముందు తీరిగ్గా నిలబడ్డాను. రెండు వాక్యాలు చదివానో లేదో, బయట బస్సు డ్రైవరు పొడుగ్గా హారన్ కొట్టాడు. అంతే, నా కాళ్లు వాటంతట అవే గేటు వైపు ఉరికాయి. చెప్పు తెగింది. బస్సు దగ్గరికి పోయి చూస్తే ఏమీ లేదు. తొవ్వకు అడ్డంగా బర్రె పండుకుంటే దాన్ని లేపడానికి కొట్టాడట.

"ఏమైంది మేడం, గట్ల ఉరికచ్చిన్రు?" అన్నాడు డ్రైవరు.

ఏమని చెప్పను? మా బావ పోయి ఏడాది కావస్తోంది. నా కాళ్లకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

బావ అంటే మా అక్క భర్త. కోరుట్ల మనిషి. మా పుట్టిల్లు బుగ్గారం. బాపు తాళ్లెక్కి, కల్లు గీసి మా అక్కచెల్లెళ్లను పెంచాడు. అక్కను కోరుట్లకు ఇచ్చాడు, నన్ను సిరిసిల్లకు ఇచ్చాడు. పెళ్లయిన కొత్తలోనే బావ మస్కట్ పోయాడు; మా వైపు ఒమన్ దేశమంతటికీ అదే పేరు. అక్కడ ఒక అరబ్బు ఇంట్లో కారు డ్రైవరుగా పదేళ్లకు పైగా చేశాడు. అది చాలనుకుని తిరిగొచ్చాక ఎనిమిది మంది పట్టే బండి కొని కిరాయికి తిప్పుకున్నాడు. పెళ్లిళ్లు లేని నెలల్లో బండి ఇంటి ముందు ఊరికే ఉంటే ఆయనకు నిద్ర పట్టేది కాదు. "బండి నిలవడితె తుప్పు వడ్తది" అని మా రెండు ఇళ్ల వాళ్లనూ ఎక్కించుకుని ఏదో ఒక కోటకో గుడికో బయలుదేరదీసేవాడు. కొండగట్టు, ధర్మపురి మాకు ఎట్లాగూ తెలిసినవే. వాటిని దాటి మా ఇంట్లో ఎవరైనా ఏమైనా చూశామంటే అది బావ పుణ్యమే. అయితే చూశామని అనవచ్చునా అన్నదే నా పేచీ.

ఆయన మమ్మల్ని తీసుకుపోయేవాడు. చూడనిచ్చేవాడు కాదు.

కోట లోపలికి మాతో పాటే వచ్చేవాడు కానీ ముఖం ఎప్పుడూ వెనక్కి, బండి ఉన్న వైపుకే తిరిగి ఉండేది. తాళాల గుత్తి చూపుడు వేలికి తగిలించుకుని తిప్పేవాడు. ఆ గలగల మొదలైందంటే మాకు గడువు ముగిసినట్టే. అప్పటికీ కదలకపోతే బండి దగ్గరికి పోయి పొడుగ్గా హారన్ కొట్టేవాడు. రామప్పలో ఒక స్తంభం మీద చెక్కిన నాట్యగత్తె కాలి అందెలను నేను వంగి చూస్తున్నాను. రాతిలో అందె వేరుగా, కాలు వేరుగా, మధ్యన సన్నటి సందు. ఎట్లా చెక్కారో అనుకునేలోపే నా చెవి పక్కన గలగల.

"చూసినవా?"

"ఇప్పుడే అచ్చిన బావా."

"చూసినవు గదా మరి. ఇగ యాదికుంటది. నడు, నడు. రాళ్లు యాడికి వోతయి? మనమే వోవాలె."

ఈ మాట ఆయన ఎన్ని ఊళ్లలో అన్నాడో! ఎవరైనా కిందికి కూర్చున్నారా, "చూసుడంటె నిలవడి చూసుడే, కూసునుడు గాదు" అనేవాడు. తిండి కూడా నిలబడే. అక్క పొద్దున్నే లేచి చేసిన సర్వపిండి, పులిహోర డబ్బాలను బండి వెనక తలుపు తెరిచి పెట్టి, అందరికీ ఆకుల్లో పంచి, తాను బండి చుట్టూ తిరుగుతూ, టైర్లను కాలితో తడుతూ తినేవాడు. హోటల్లో కూర్చుందామంటే ఒప్పుకునేవాడు కాదు. కూర్చుంటే లేవరని భయం.

తర్వాత ఎప్పుడైనా ఆ ఊళ్ల మాట వస్తే ఆయనకు గుర్తుండేది ఒక్కటే.

"గోల్కొండనా? ఇర్కం. బండి వెట్ట జాగుండది."

"అజంతా బేకార్. మన బండి దూరం ఆపి ఆళ్ల బస్సెక్కాలె."

"కోటంటె బీదర్ కోట. లోపటిదాక బండి వోతది. గసొంటి కోట ఇంకోటి లేదు."

రాజులు, రాణులు, యుద్ధాలు, శిల్పులు, అందరినీ కలిపి మా బావ పార్కింగ్ లెక్కన తూచేసేవాడు. జగిత్యాల కోట పక్కనుంచి ఎన్నిసార్లు పోయి ఉంటామో, ఒక్కసారీ ఆపలేదు. "గది మన కోటనే గదా, ఎప్పుడన్న సూడచ్చు" అనేవాడు. సాంఘిక శాస్త్రం టీచర్‌కు ఇట్లాంటి బావ ఉండటం కన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?

దానికి తోడు పిల్లలకు చరిత్ర చెప్పేవాడు. ఖిలా వరంగల్‌లో నాలుగు తోరణాల నడుమ నిలబడి, పిల్లలందరినీ చుట్టూ చేర్చుకుని మొదలుపెట్టాడు.

"రాజుకు నలుగురు పెండ్లాలు. ఒక్కళ్లకు దర్వాజ కట్టిస్తె ఇంకొక్కళ్లు అలుగుతరని నలుగురికి నాలుగు కట్టిచ్చిండు. ఎవల దర్వాజల కెల్లి ఆళ్లే రావాలె, కొట్లాట లేదు."

పిల్లలు పడి పడి నవ్వారు. నేను ఊరుకోలేకపోయాను.

"అబద్ధాలు జెప్పకు బావా. ఇక్కడ నడుమ శివుని గుడి ఉండె. గుడికి నాలుగు దిక్కులు నాలుగు తోరణాలు. ఆ గుడి కూలిపోయింది, తోరణాలు మిగిలినయి. అగో, బోర్డు మీద రాసుంది, సదువుకో."

పిల్లల ముందు ఆయన ముఖం చిన్నబోయింది. తాళాలు జేబులో వేసుకుని బండి దగ్గరికి పోయి కూర్చున్నాడు. హారన్ కూడా కొట్టలేదు.  తిరుగు దారిలో టీ తాగడానికి ఆగినప్పుడు అక్క నన్ను పక్కకు లాగింది.

"ఆయన ఏదో జెప్పుకుంటె నీకేం వోయిందే?"

"పిల్లలు పరీక్షల గదే రాస్తరక్కా!"

"రాస్తె రాయనియ్యి. నలుగురు పెండ్లాలున్నోనికి లేని బాధ నీకెందుకు?"

అక్క ఎప్పుడూ ఇంతే. ఆయన ఏం చేసినా గొడవ పెట్టుకునేది తానే, ఇంకెవరూ ఆయన్ను ఒక మాట అనకూడదు. అట్లాగని ఆయన ఆమె మాట విన్నది లేదు. ఆమె ఎడమకు పొమ్మంటే కుడికి తిప్పడం, ఉప్పు ఎక్కువైందంటే తక్కువైందనడం, ఆ ఇంట్లో రోజూ చూసేదే.

హంపి సంగతి మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను. రాతి రథం బొమ్మను నల్లబల్ల మీద గీసి ఏటేటా పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. బోర్డర్ దాటినప్పటి నుంచీ నాకు ఆ రథం తప్ప ధ్యాస లేదు. తీరా పోతే, రథం ఉన్న గుడి దాకా మన బళ్లు పోనివ్వరు. దూరంగా ఆపి, వాళ్ల బ్యాటరీ బండి కోసం లైన్లో నిలబడాలి. లైను పొడుగ్గా ఉంది. ఎండ మండుతోంది. బావ లైను వైపు చూశాడు, ఆ చిన్న బండి వైపు చూశాడు.

"నా బండి ఉండంగ ఇంకోని బండి ఎక్కుడేంది?"

"బావా, నీ కాళ్లు మొక్కుత. దీని కోసమే అచ్చిన నేను."

"పుస్తకంల సూసినవు గదా? గదే గిది. మార్తదా? చీకటి వడక ముందు ఘాటు దాటాలె. నడు, నడు."

మా ఆయన గడియారం చూసుకున్నాడు. ఆయనకు సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి ఉన్నాయన్న దిగులు. అక్క "పోనియ్యవే, ముసల్ది గూడ అలిసింది" అని మాతో వచ్చిన మా అమ్మను సాకుగా చూపింది. బావ బండి ముఖం తిప్పేశాడు. హంపి దాకా పోయి రాతి రథం చూడకుండా వచ్చిన సోషల్ టీచర్ ఈ లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. తుంగభద్ర దాటేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, ముఖం ఎవరికీ కనబడకూడదని. ఎక్కడో దారిలో డీజిల్ కోసం ఆపినప్పుడు ఆయన దిగిపోయి, రాతితో చేసిన చిన్న రథం బొమ్మ ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"ఇగో, నీ రథం. ఇంటికాడ సల్లగ కూసోని సూసుకో."

నవ్వాలో, దాన్ని తీసి ఆయన నెత్తిన కొట్టాలో తెలియలేదు. "ఇగ నీ బండెక్క" అని అందరి ముందూ అన్నాను. "టీచరమ్మ ఎక్కకుంటె బండి తేలికైతది" అన్నాడు. ఆ మాట మీదే రెండు మూడేళ్లు నిలబడ్డాను కూడా.

ఇంతలో అక్క బిడ్డను జగిత్యాల సంబంధానికి ఇచ్చారు. అల్లుడికి మస్కట్‌లో ఆఫీసు ఉద్యోగం. పిల్లకు కాన్పయ్యాక అక్కను, బావను రమ్మని వాళ్లు టిక్కెట్లు పంపుతామన్నారు. అల్లుడు మర్యాదకు, "మస్కట్ మీరు చూసిందే గదా మామయ్యా, కావాలంటే అందరం కలిసి సింగపూర్ పోదాం" అన్నాడు. బావ ఒప్పుకోలేదు.

"సూస్తె మస్కటే సూడాలె. ఆడ నిజ్వా అని ఊరుంది. పెద్ద కోట. గుండ్రంగ, సముద్రంల ఓడ లెక్క ఉంటది. మా సేఠు ఇల్లు గా ఊళ్లెనే ఉండె."

ఇన్నేళ్లలో ఆయన నోటి నుంచి ఒక కోట ఎట్లా ఉంటుందో వినడం అదే మొదలు. పార్కింగ్ మాట రాలేదు. అక్క "నువ్వు గూడ రావే, నాకు తోడుంటది" అని బతిమాలింది. విమానం బావ నడపడు కదా అన్న ధైర్యంతో సరేనన్నాను. మా ఆయన సాంచెలు వదిలి రానన్నాడు.

విమానం ఇంకా నేల మీద ఉరుకుతుండగానే బావ లేచి నిలబడి పై నుంచి సంచి దింపబోయాడు. ఎయిర్ హోస్టెస్ కసిరితే కూర్చున్నాడు. ఆ రోజు నుంచీ మాకు మళ్లీ నడు, నడు. అయితే ఇప్పుడు బండి అల్లుడిది. బావ పక్క సీట్లో కూర్చుని దారి చెప్పేవాడు.

"ఆగు, ఆగు. ముంగట రౌండబోట్ అస్తది. ఎడమకు తిప్పు."

"ఆ రౌండబోట్ తీసేసిన్రు మామయ్యా. ఇప్పుడు ఫ్లైఓవర్."

"ఎవడు తీసిండు? నేను రోజు తిప్పిన జాగది!"

అల్లుడి ఫోను ఒక దారి చెప్పేది, బావ ఇంకో దారి చెప్పేవాడు. అల్లుడు మంచివాడు, ఎదురు చెప్పలేక బావ చెప్పిన దారినే తిప్పి, ఇసుక తప్ప ఏమీ లేని చోట మమ్మల్ని నిలబెట్టేవాడు. వెనక సీట్లో అక్క తల పట్టుకునేది. "గా ఫోను జెప్పినట్టు పోనియ్యరాదు? నువ్వు ఈడికెల్లి పోయి పదిహేనేండ్లు దాటె. ఊర్లు మారయా?" అంటే బావ కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు.

నిజ్వాకు పోయిన రోజు బావ పొద్దున్నే లేచి తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. ఆయన్ను ఇస్త్రీ చొక్కాలో నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు. కోట నిజంగానే ఆయన చెప్పినట్టే ఉంది. ఖర్జూర తోటల మధ్య మట్టిరంగు ఓడ. బండి నీడకు పెట్టారు. నేను దిగి చూస్తే బావ దిగలేదు.

"మీరు పోయిరాండ్రి. నేను బండికాడుంట."

"అదేంది బావా? నువ్వే గదా కోట కోట అన్నది!"

"నేను సూసిందే. పదేండ్లు సూసిన."

"లోపల సూసినవా?"

ఆయన చొక్కా కాలరు సర్దుకున్నాడు. అక్క, "నా మోకాళ్లు మెట్లెక్కయి, నేను గూడ బండ్లనే కూసుంట" అంది. నేను, అల్లుడు లోపలికి పోయాం. ఏం చెప్పను ఆ సంబరం! వెనక తాళాల గలగల లేదు. ప్రతి గదిలో ప్రతి బోర్డూ చదివాను. శత్రువుల మీద మరిగే ఖర్జూర పాకం పోసే కన్నాలను వంగి వంగి చూశాను. అల్లుడు వీడియో తీసుకుంటూ వెనకబడితే నేను బురుజు పైకెక్కాను. అక్కడి నుంచి తోటలు, ఇళ్లు, మేం బండి పెట్టిన చోటు అన్నీ కనబడుతున్నాయి.

బండి దగ్గర నుంచి తెల్ల చొక్కా ఒకటి తోటల సందులోకి నడిచిపోతోంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. ఆ నడక నాకు తెలియనిది కాదు, కానీ అంత మెల్లగా నడవగా ఎన్నడూ చూడలేదు.

ఊరంతా మారిపోయింది, ఆయన దగ్గర పని చేసే ఫోను లేదు. తప్పిపోతే ఎట్లా? గబగబా దిగి పోయాను. బండిలో అక్క సీటు వెనక్కి వాల్చి నిద్రపోతోంది. ఆమెను లేపకుండా ఆ సందు పట్టుకుని పోయాను. కాలువ పక్కన, ఎత్తు గోడల నడుమ కొంచెం దూరం పోయాక ఒక పెద్ద ఇనుప గేటు, ఒక తలుపు తెరిచి ఉంది. లోపల వాకిట్లో బావ నిలబడి ఉన్నాడు. వరండాలో కుర్చీలో ఒక పెద్దామె, నల్ల బట్టల్లో, నిటారుగా కూర్చుని ఉంది. గేటు దగ్గర పనిమనిషి.

"మా బావ" అన్నాను, ఏ భాషలో చెప్పాలో తెలియక తెలుగులోనే.

"తెలుగోళ్లా మీరు?" అంది ఆమె ముఖం విప్పారి. కడప పక్కామె. "రాండి, రాండి. ఆయప్ప అరబీ బాగా మాట్లాడతాండాడే! ఇక్కడ పని చేసినాడంట గదా?"

"ఏమంటుందామె?" అని అడిగాను.

కడపామె గొంతు తగ్గించింది. "మా మేడం, ఏ డ్రైవరివి అని అడగతాంది. మా ఇంట్లో శానామంది డ్రైవర్లు చేసినారు, నువ్వు ఏ డ్రైవరివి అంటాంది."

బావ చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. కవరులోంచి సీసా తీశాడు. అక్క పెట్టిన మామిడి తొక్కు పచ్చడి. అక్క అది బిడ్డ కోసం తెచ్చింది. ఆయన సెలవుకు వచ్చి పోయినప్పుడల్లా అక్క సీసాల కొద్దీ తొక్కు కట్టి పంపేది, సేఠు ఇంట్లో ఇష్టంగా తింటారని ఆయన చెప్పేవాడు. పెద్దామె సీసాను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, మర్యాదగా నవ్వి పక్కన పెట్టింది.

"గుర్తు రాలేదంటాంది" అంది కడపామె. "ఇప్పుడు మీ బావ చెప్తాండాడు, చిన్న కొడుక్కి చెయ్యి ఇరిగినప్పుడు నేనే ఎత్తుకోని ఆస్పత్రికి పోయినా, రాత్రంతా ఆడనే ఉన్నా అని."

పెద్దామె తల అడ్డంగా ఊపింది. నింపాదిగా, ఏ కోపమూ లేకుండా ఏదో అంది.

"ఏమంది?"

"కాదంటాంది. ఆ రోజు ఎత్తుకోని పోయింది పాకిస్తాన్ డ్రైవరంట. ఆయమ్మకు బాగా గుర్తంట."

 ఆ పిల్లవాడి చెయ్యి కథ మాకు ఎన్నటి నుంచో తెలుసు. అది జరిగిన వారమే అక్కకు ఫోన్లో చెప్పాడు, అప్పట్లో అక్క బుగ్గారం వచ్చి మాకు చెప్పింది. ఇప్పుడు కొట్లాడతాడు, తప్పదు, అనుకున్నాను. రౌండబోట్ కోసం కొట్లాడిన మనిషి. ఉప్పు కోసం కొట్లాడిన మనిషి. బావ ఖాళీ కవరును మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తల ఊపి రెండే మాటలు అన్నాడు.

"అవును కాబోలు అంటాండాడు" అంది కడపామె.

నాకు లోపలికి పోయి ఆ ముసలామె ముందు నిలబడి అరవాలనిపించింది. ఏ భాషలో అరవను? పెద్దామె సైగ చేస్తే కడపామె చిన్న కప్పులో కాఫీ, పళ్లెంలో ఖర్జూరాలు తీసుకుపోయింది. గేటు దగ్గరికి ఎవరొచ్చినా అక్కడ అది ఆనవాయితీ. బావ నిలబడే తాగాడు. చాలు అన్నట్టు కప్పును అటూ ఇటూ ఊపి ఇచ్చాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని సలాం చెప్పి వెనక్కి తిరిగాడు. అప్పుడు నన్ను చూశాడు.

"నువ్వెప్పుడచ్చినవ్?"

"ఇప్పుడే."

"సూసినవా మరి? గుర్తువట్టింది. కాఫీ తాగేదాక పోనియ్యలే."

"ఆఁ" అన్నాను.

బండి దగ్గరికి వచ్చేసరికి అక్క లేచి, అల్లుడితో కలిసి మా కోసం చూస్తోంది. "మేడం ఇంటికి వోయిన. నన్ను సూడంగనే కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది" అన్నాడు బావ. వెంటనే తలుపు తెరిచి, "నడువుండ్రి, నడువుండ్రి, ఇంక సముద్రం సూడాలె" అని అందరినీ లోపలికి తోశాడు. నాకు సముద్రం ఎట్లా ఉందో ఇప్పుడు గుర్తు లేదు.

కోరుట్ల వచ్చాక ఆ కథ పెరగడం మొదలైంది. మొదట కండ్లల్లో నీళ్లు. తర్వాత ఒక పెళ్లిలో విన్నప్పుడు మేడం కుర్చీలోంచి లేచి ఎదురొచ్చింది. బొడ్రాయి పండుగ నాటికి ఆ చిన్న కొడుకు పెద్ద ఆఫీసరై, వీడియో కాల్‌లో "ఇగో, నువ్వు మోసుకపోయిన చెయ్యి" అని చెయ్యెత్తి చూపించాడు. చెప్పడం అయిపోగానే నా వైపు తిరిగేవాడు. "అనుమానముంటె టీచరమ్మను అడుగుండ్రి. పక్కనే ఉండె." అందరూ నా వైపు చూసేవారు. ఒకప్పుడు నాలుగు తోరణాల దగ్గర ఒక్క అబద్ధం ఓర్వలేక ఆయన పరువు తీసినదాన్ని. ఇప్పుడు పెద్దమనుషుల నడుమ కూర్చుని తల ఊపేదాన్ని. లోపల మాత్రం కుతకుతలాడిపోయేదాన్ని. ఆయన మీద కోపమా, ఆ ముసలామె మీదా, ఆ పాకిస్తాన్ డ్రైవరు మీదా? ఏమీ తేలేది కాదు. పోనీ ఒక్కరోజు ఆయన్నే నిలదీద్దామంటే, ఏమని మొదలుపెట్టాలి?

ఆ తర్వాత ఆయన మమ్మల్ని ఎక్కడికీ తీసుకుపోలేదు. కిరాయిలకు పోతూనే ఉన్నాడు. పోయిన ఏడు ఒక పొద్దున బండి కడుగుతూ కడుగుతూ దాని పక్కనే కూలబడ్డాడు. జగిత్యాల ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

అక్క ఏడవలేదు. అందరూ చెవులు కొరుక్కున్నారు. మస్కట్ నుంచి వచ్చిన బిడ్డ తల్లిని పట్టుకుని ఊపింది, "ఏడువే అవ్వా, ఏడువు" అని. అక్క ఊరికే చూసింది. దినాల నాడు కూడా వచ్చినవాళ్లకు నీళ్లిచ్చింది, విస్తళ్లు సరిపోయాయా అని చూసింది. భోజనాల దగ్గర కోరుట్ల వాళ్లు ఎవరో మళ్లీ ఆ మస్కట్ కథ ఎత్తుకున్నారు. "పరాయి దేశపామె సుత కండ్లనీళ్లు వెట్టుకున్నది. గసొంటి మనిషి" అన్నారు. అక్క లేచి పెరట్లోకి పోయింది. నేను వెనకే పోయాను. వంట గంజుల దగ్గర పీట వేసుకుని కూర్చుని తోమడం మొదలుపెట్టింది.

"నిజంగ ఏడ్సిందానే గామె?" అంది నన్ను చూడకుండానే. "ఆయన మాటలల్ల సగం ఉత్తయే. నువ్వు సూసినవు. జెప్పు."

ఓదార్పుగా ఉంటుందనుకున్నాను.

"ఏడ్సిందక్కా."

అక్క చేతిలోని పీచు ఆగిపోయింది.

"ఏడ్సిందా. మంచిగుంది. ఆమె ఒక్క పొద్దు ఏడ్సింది, ఊరంత జెప్పుకుంటున్నరు. ఆయన గాడ ఉన్నన్నొద్దులు నేను గీడ ఏడ్సింది ఎవలన్న జెప్పుకున్నరా? అత్త మంచాన వడితె ఎత్తి వోసిన. బిడ్డకు జరమొస్తె ఒక్కదాన్నే ఎత్తుకొని ఉరికిన. గామెకు తొక్కులు వెట్టి పంపిన. ఆయనకు జెప్పుకోను గామె ఏడుపే దొరికె!"

ఆమె అంత కోపంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఇక నా వల్ల కాలేదు.

"ఏడ్వలేదక్కా. నేను ఉత్తగ జెప్పిన. గామె గుర్తే వట్టలే. ఏ డ్రైవరివి అని అడిగింది."

అక్క తల ఎత్తింది.

"పిల్లగాని చెయ్యి ముచ్చట జెప్పిండు. ఎత్తుకపోయింది నువ్వు గాదు, పాకిస్తానోడు అన్నది."

"మరి ఆయనేమన్నడు?"

"అవును కాబోలు అన్నడు."

"అవునన్నడా?" అక్క నవ్వినట్టు చేసింది. "నాతోని ఒక్కనాడన్న అవునన్నడానే గా మనిషి? అవునన్నడా?"

ఆ నవ్వు మధ్యలోనే విరిగిపోయింది. అక్క ఏడ్చింది. పీట మీదే ముందుకు వంగిపోయి, తడి చేతులతో మోకాళ్లు కొట్టుకుంటూ, ఇన్ని దినాల నుంచీ లోపలే ఉన్నదంతా ఒక్కసారి. ఇంట్లో ఉన్నవాళ్లంతా పెరట్లోకి ఉరికొచ్చారు. "ఏమైంది? ఏమైంది?" అని బిడ్డ అడుగుతోంది. అక్క ఎవరినీ చూడటం లేదు. నా చెయ్యి దొరకబుచ్చుకుని ఒకే మాట అంటోంది.

"నేను బండ్లనే ఉంటి గదనే. నన్నొక్క మాట పిలిస్తె అయిపోవు. గీయన ఎవలో నేను జెప్తుంటి."